డాక్ తిరిగి రాకపోతే ఎవరు? డల్లస్ కౌబాయ్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

ఫ్రిస్కో, టెక్సస్
11 నవంబర్ 2024

శ్రీ జెర్రీ జోన్స్ గారికి, శ్రీ స్టీఫెన్ జోన్స్ గారికి, హెడ్ కోచ్ శ్రీ మైక్ మెక్‌కార్తీ గారికి,

నమస్కారం.

జెర్రీ గారూ, 1989లో 14 కోట్ల డాలర్లకు కొన్న ఈ అమెరికా ఫుట్‌బాల్ జట్టుకు మీరు మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్ విజయాలు) తెచ్చారు. ఈ రోజు దాని విలువ వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. మీ కష్టమంటే నాకు గౌరవం ఉంది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఈ లేఖ తెలుగులో రాస్తున్నందుకు కారణం చెప్పాలి. ఇంగ్లిష్ ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో వేల తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మా పిల్లలు ఇక్కడే పుట్టి, నీలిరంగు నక్షత్రం ఉన్న టోపీలు పెట్టుకుని పెరుగుతున్నారు. నేను 2011లో వచ్చినప్పుడు ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ దగ్గర అద్దెకుండేవాళ్లం. మీ ప్రాక్టీస్ మైదానం అప్పుడు అక్కడే. 2016లో మీరు ఫ్రిస్కోకు మారారు, రెండేళ్లకు మేమూ మారాం. ఇప్పుడు హనుమంతుడి గుడికి వెళ్లినా, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకుంటున్నా, మాట మీ జట్టు మీదికి వస్తుంది. ఈ వారం అందరూ ఒకటే అడుగుతున్నారు: బంతి విసిరి ఆట నడిపించే మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఈ సీజన్‌లో ఇక రాకపోతే ఆయన స్థానంలో ఎవరు?

నవంబర్ 3న అట్లాంటాలో మూడో క్వార్టర్‌లో డాక్‌కు తొడ వెనక కండరం దెబ్బతింది. ఆ మ్యాచ్ 27-21తో పోయింది. కండరం ఎముక దగ్గర కొంత ఊడిందన్నారు. ఆయన్ని గాయపడ్డవాళ్ల జాబితాలో పెట్టారు, అంటే కనీసం నాలుగు మ్యాచ్‌లు ఆడకూడదు. సర్జరీ అంటున్నారు. అదే జరిగితే ఈ ఏడాదికి ఆశ వదులుకోవాల్సిందే.

నిన్న సాయంత్రం ఫిలడెల్ఫియా ఈగల్స్ వచ్చి మన ఇంట్లోనే మనల్ని 34-6తో ఓడించి వెళ్లారు. డాక్ బదులు ఆడిన కూపర్ రష్ 23 పాస్‌లు వేస్తే 13 అందాయి. అన్నీ కలిపి 45 గజాలు. ఒక్కో పాస్‌కు రెండు గజాలు కూడా రాలేదు.

నిన్న నేను మా నాన్నతో, మా అబ్బాయితో స్టేడియంలోనే ఉన్నాను. నాన్న గుంటూరు నుంచి మూడు నెలల కోసం వచ్చారు. వయసులో ఉన్నప్పుడు జిల్లా స్థాయిలో వాలీబాల్ ఆడిన మనిషి. అమెరికా ఫుట్‌బాల్ ఆయనకు కొత్త. క్వార్టర్‌బ్యాక్ అంటే ఏమిటో మా అబ్బాయి తాతకు వాలీబాల్ సెట్టర్‌తో పోల్చి చెప్పాడు: "ప్రతి బంతీ అతని చేతి మీదుగానే వెళ్తుంది తాతా." ఇంటర్వెల్‌కు స్కోరులో తేడా మరీ పెద్దదేం కాదు. ఓడిపోతున్నామన్న దిగులు అప్పటికి ఎవరిలోనూ లేదు. ఆ విరామంలో నాన్న అడిగారు: "అమ్మాయ్, ఈ రెండో సెట్టర్‌కు రోజూ ప్రాక్టీస్ ఎంతసేపు ఇస్తారు?" మామూలు వారాల్లో ప్రాక్టీస్ దాదాపు అంతా మొదటి క్వార్టర్‌బ్యాక్‌కే పోతుందని, రెండో అతను ఎక్కువగా నిలబడి చూస్తాడని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా టీములో సెట్టర్ వేలు విరిగితే మర్నాడు ఎవరు సెట్ చేయాలో మాకందరికీ ముందే తెలుసమ్మా. వాడితో వారానికి రెండు పూటలు ఆడేవాళ్లం."

రెండో క్వార్టర్‌బ్యాక్ అంటే ఏదో ఒకరు ఉంటే చాలనుకునే చోటు కాదు. అదీ ఒక ఉద్యోగమే, దానికీ మనిషిని వెతకాలి, తయారు చేయాలి. ఈ మాట అభిమానులు 2015 నుంచి చెబుతూనే ఉన్నారు. విన్న జాడ కనిపించడం లేదు.

2015 గుర్తు చేసుకోండి. రెండో మ్యాచ్‌లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకు కాలర్ బోన్ విరిగింది. అప్పటికి రెండుకు రెండూ గెలిచాం. తర్వాత బ్రాండన్ వీడెన్ మూడు, మ్యాట్ క్యాసెల్ నాలుగు, వరసగా ఏడు ఓడిపోయాం. రోమో నవంబర్‌లో వచ్చి మయామీలో గెలిపించారు. నాలుగే రోజుల తర్వాత థ్యాంక్స్‌గివింగ్ నాడు కరోలైనా మీద ఆడుతుంటే అదే ఎముక మళ్లీ విరిగింది. ఆ ఏడాది రోమో ఆడిన నాలుగింటిలో మూడు గెలుపులు, ఆయన లేని పన్నెండింటిలో ఒక్కటే. చివరికి 4-12, అంటే నాలుగు గెలుపులు, పన్నెండు ఓటములు.

2020లో డాక్ చీలమండ విరిగింది. ఆండీ డాల్టన్ వచ్చారు. ఆయన తలకు దెబ్బ తగిలితే డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) ఏడో రౌండులో తీసుకున్న కొత్త కుర్రాడు బెన్ డినూచి, ఆ పై వారం గ్యారెట్ గిల్బర్ట్. ఒక్క సీజన్‌లో నలుగురు. 6-10.

రెండుసార్లు మనకు కలిసొచ్చింది కూడా. 2016లో రోమో వెన్నుకు దెబ్బ తగిలితే నాలుగో రౌండులో, 135వ పిలుపుకు వచ్చిన డాక్ 13-3తో నడిపించారు. 2022లో డాక్ చేతి బొటనవేలు విరిగితే రష్ అయిదింటిలో నాలుగు గెలిచారు. అది ఆయన గొప్పతనం, ఎవరూ కాదనలేరు. కానీ 2016లో డాక్ మూడో మనిషి. ఆయనకన్నా ముందున్న కెలెన్ మూర్‌కు ట్రైనింగ్ క్యాంప్‌లో కాలు విరగకపోతే డాక్ పేరు ఎంతమందికి తెలిసేది? అదృష్టం రెండుసార్లు తలుపు తట్టిందని తలుపు దగ్గరే కూర్చోలేం కదా.

జెర్రీ గారూ, ఈ పాఠం మీకు ఒకప్పుడు బాగా తెలుసు. 1990లో సీజన్ చివర్లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్ భుజానికి దెబ్బ తగిలితే చివరి రెండు మ్యాచ్‌లు పోయాయి, 7-9తో ప్లేఆఫ్స్ తప్పిపోయాయి. మరుసటి వేసవిలోనే మీరు నాలుగో రౌండు పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) ఇచ్చి రెయిడర్స్ జట్టు నుంచి రెండో క్వార్టర్‌బ్యాక్‌గా స్టీవ్ బ్యూర్లైన్‌ను తెచ్చారు. 1991లో ఐక్‌మన్‌కు మోకాలు దెబ్బతిన్న రోజు, అప్పటిదాకా ఓటమి ఎరగని వాషింగ్టన్‌ను బ్యూర్లైన్ ఓడించారు. ఆ తర్వాత చికాగో వెళ్లి ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలిచారు. ఏడాదిలో తప్పు దిద్దుకున్నారు మీరు. అప్పుడు చేయగలిగింది ఇప్పుడెందుకు చేయరని అడుగుతున్నాం.

మా విన్నపాలు ఇవి.

1. డాక్ గాయం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంకా ఎనిమిది మ్యాచ్‌లున్నాయి. అందులో అయిదు మన స్టేడియంలోనే: హ్యూస్టన్, థ్యాంక్స్‌గివింగ్ నాడు న్యూయార్క్ జెయింట్స్, సిన్సినాటి, టాంపా, చివర్లో వాషింగ్టన్. చాలా కుటుంబాలు వేసవిలోనే టికెట్లు కొనిపెట్టుకున్నాయి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల తేదీలు చూసుకుని కొనేవాళ్లం మాలో ఎంతోమంది. ఇప్పటిదాకా సొంత మైదానంలో నాలుగు ఆడి నాలుగూ ఓడాం. 44-19, 28-25, 47-9, 34-6. మొత్తం కూడితే ప్రత్యర్థులకు 153, మనకు 59. జనవరిలో గ్రీన్ బే చేతిలో 48-32తో పోయిన ప్లేఆఫ్ మ్యాచ్ ఇందులో కలపలేదు. అయినా జనం వస్తున్నారు. వచ్చేవాళ్లకు ఎవరు ఆడతారో, ఏ ఆశతో రావాలో తెలియాలి. "వారం వారం చూస్తాం" అనే మాట వద్దు.

2. డాక్‌ను తొందరపెట్టి దించకండి. సెప్టెంబర్ 8న ఆయనతో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అందులో 23 కోట్లకు పైగా గ్యారంటీ. ఒక ఏడాదికి 6 కోట్లు, ఈ ఆటలో అంతవరకు ఎవరూ అందుకోని మొత్తం. నాకు దాని మీద అభ్యంతరం లేదు. గత సీజన్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఓటింగులో రెండో స్థానంలో నిలిచిన ఆటగాడు ఆయన. కానీ 3-6తో ఉన్న సీజన్‌ను కాపాడబోయి ఆ కాలిని మళ్లీ ప్రమాదంలో పెడితే, రోమోకు నాలుగు రోజుల్లో జరిగిందే డాక్‌కు నాలుగేళ్లకు జరుగుతుంది. సర్జరీ అవసరమని డాక్టర్లు చెబితే ఈ వారమే కానివ్వండి. వచ్చే వేసవి క్యాంప్‌కు ఆయన నిటారుగా నిలబడి పరిగెత్తగలిగితే మాకు అంతకన్నా ఏమీ వద్దు.

3. బెంచీ మీదున్న మరో క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌కు మ్యాచ్‌లు ఇవ్వండి. చివరి నాలుగు నిమిషాలు ఇవ్వడం కాదు, పూర్తి మ్యాచ్‌లు ఇవ్వాలి, దానికి ముందు పూర్తి వారం ప్రాక్టీస్ ఇవ్వాలి.

దీని మీద కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మా ఇంట్లోనే దీని మీద రెండు పార్టీలు. మా ఆయన రష్ పక్షం. ఆయన మాటలో న్యాయం ఉంది: రష్ ఈ జట్టు ఆటను 2017 నుంచి చదువుతున్నాడు, బంతి త్వరగా వదులుతాడు, తెలిసిన మనిషి. లాన్స్ మీద ఉన్న భయమూ నిజమే. ఆగస్టు చివర్లో చార్జర్స్‌తో ప్రీసీజన్ మ్యాచ్‌లో అయిదు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు. నిన్న చివర్లో వచ్చి ఇంకొకటి ఇచ్చాడు.

అయితే లెక్క ఇంకోలా చూడండి. 2021 డ్రాఫ్ట్‌లో శాన్ ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండు పిక్‌లు ధారపోసి మూడో పిలుపుకు తీసుకున్న కుర్రాడు అతను. నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ జట్టులో 2019లో 28 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చే) పాస్‌లు వేసి ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వలేదు. తర్వాత ఏడాది కోవిడ్ వల్ల ఒక్కటే మ్యాచ్. శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి నుంచీ ఆడినవి నాలుగే మ్యాచ్‌లు, 2022 సెప్టెంబర్‌లో చీలమండ విరిగింది. మీరు 2023 ఆగస్టులో నాలుగో రౌండు పిక్ ఇచ్చి తెచ్చుకున్నారు. ఆ తర్వాత నిన్నటిదాకా దాదాపు కూర్చోబెట్టే ఉంచారు. అయిదేళ్లుగా సరిగ్గా ఆడనివ్వని వాణ్ని ఆడలేడని ఎలా అంటాం? మార్చిలో అతని ఒప్పందం అయిపోతుంది. ఈ ఎనిమిది మ్యాచ్‌లలో కూడా చూడకపోతే ఆ పిక్ వృథా. ఆ అబ్బాయికి జీవితం వృథా అయినంత పని.

అతనికి తగ్గ ఆట కట్టాలి. ఈ సెప్టెంబర్‌లోనే గ్రీన్ బే చేసి చూపించింది. సీజన్‌కు ముందు ఏడో రౌండు పిక్ ఇచ్చి రెండో క్వార్టర్‌బ్యాక్‌గా మాలిక్ విల్లిస్‌ను తెచ్చుకున్నారు. మొదటి మ్యాచ్‌లోనే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్ మోకాలికి దెబ్బ. విల్లిస్ వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. కోచ్ అతనితో ఇండియానాపోలిస్ మీద 14 పాస్‌లే వేయించి, మిగతాదంతా పరుగుతో నడిపించారు. 16-10తో గెలిచారు. మరుసటి వారం టెన్నెసీలో కూడా గెలిచారు. మెక్‌కార్తీ గారూ, మీరు ఆ ఊళ్లో పదమూడు సీజన్లు కోచ్‌గా ఉన్నారు, సూపర్ బౌల్ గెలిచారు. మీకు చేతకాని పని కాదిది. లాన్స్ కాళ్లలో బలముంది. ఆ కాళ్లను వాడుకునే ఆట ఇవ్వండి. ఓడినా ఫరవాలేదు, ఏం తెలుసుకున్నామో మాకూ కనిపిస్తుంది.

4. బయటి నుంచి ఒక అనుభవం ఉన్న మనిషిని వచ్చే మార్చిలో తేవాలి. ఇప్పుడు జట్ల మధ్య ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ గడువు దాటిపోయింది. డాక్ గాయపడిన రెండు రోజులకు, నవంబర్ 5న, మీరు మరో నాలుగో రౌండు పిక్ ఇచ్చి కరోలైనా నుంచి జోనాథన్ మింగోను తెచ్చారు. పాస్ అందుకునేవాణ్ని తెచ్చారు, పాస్ వేసేవాణ్ని తేలేదు. మిన్నెసోటాను చూడండి. మార్చిలో ఒక కోటి డాలర్లకు శామ్ డార్నల్డ్‌ను తీసుకున్నారు, ఏప్రిల్‌లో మొదటి రౌండులో కుర్ర క్వార్టర్‌బ్యాక్ జేజే మెక్‌కార్తీని తీసుకున్నారు. ఆగస్టులో ఆ కుర్రాడి మోకాలు పోయింది. ఈ రోజు ఆ జట్టు 7-2తో ఉంది. నిన్న మనల్ని ఓడించిన ఈగల్స్ సంగతి ఇంకా బాధ. 2017 డిసెంబర్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు దెబ్బతింటే, ఆ ఏడాది వసంతంలోనే తెచ్చిపెట్టుకున్న నిక్ ఫోల్స్ సూపర్ బౌల్ గెలిపించి, ఆ మ్యాచ్ ఎంవీపీ అయ్యారు.

5. డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకోండి. డాక్ తర్వాత ఎనిమిది డ్రాఫ్ట్‌లలో ఇద్దరినే తీసుకున్నారు: 2018లో అయిదో రౌండులో మైక్ వైట్, 2020లో ఏడో రౌండులో డినూచి. గ్రీన్ బే ఫావ్ర్ ఉండగానే రోజర్స్‌ను, రోజర్స్ ఉండగానే లవ్‌ను మొదటి రౌండులో తీసుకుంది. మూడేళ్లు బెంచీ మీద నేర్చుకున్న ఆ లవ్ జనవరిలో మన స్టేడియానికి వచ్చి ఏం చేశాడో మీరు పై బాక్సులో నుంచి చూశారు. డాక్‌కు ఇప్పుడు 31 ఏళ్లు. చీలమండ, బొటనవేలు, ఇప్పుడు తొడ. వచ్చే ఏప్రిల్‌లో, మొదటి మూడు రౌండ్లలోనే, ఒక కుర్రాణ్ని తీసుకుని డాక్ పక్కన కూర్చోబెట్టండి.

6. స్టేడియంలో మ్యాచ్ రోజు పని చేసేవాళ్ల సంగతి. జట్టు ఓడిపోతుంటే మూడో క్వార్టర్‌కే సీట్లు ఖాళీ అవుతాయి. నిన్న మా వరుసలో చివరి అయిదు నిమిషాలకు మేం ముగ్గురమే మిగిలాం. కింద తినుబండారాల కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ ఎవరూ కొనని నాచోస్ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. పార్కింగ్‌లో జెండాలు ఊపే కుర్రాళ్లు, గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లు, ఆర్లింగ్టన్‌లో మ్యాచ్ అయ్యాక జనం వస్తారని కూరలు తరిగిపెట్టుకునే హోటళ్లవాళ్లు వీళ్లంతా క్వార్టర్‌బ్యాక్ నిర్ణయం తీసుకునే గదిలో ఉండరు. ఆ నిర్ణయం తప్పితే ముందు తగ్గేది వాళ్ల చేతి డబ్బే. చేతనైతే మిగిలిన అయిదు మ్యాచ్‌లకూ వాళ్ల గంటలు తగ్గించబోమని మాటివ్వండి.

7. ఇది ప్రజల డబ్బు కూడా. 2004లో ఆర్లింగ్టన్ ఓటర్లు అమ్మకపు పన్ను అరశాతం పెంచుకోవడానికి ఒప్పుకుని స్టేడియానికి 32.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఫ్రిస్కోలో మీ ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం ఉన్న చోటికి మా నగరం, మా స్కూల్ డిస్ట్రిక్ట్ కలిసి కోట్ల డాలర్లు పెట్టాయి. మా హైస్కూలు పిల్లలు శుక్రవారం రాత్రుళ్లు అదే ఫోర్డ్ సెంటర్‌లో ఆడతారు, అందుకు కృతజ్ఞతలు. అందుకే అడిగే హక్కు కూడా ఉందనుకుంటున్నాను. ఇంకో చిన్న మాట: నిన్న రెండో క్వార్టర్‌లో పడమటి అద్దాల్లోంచి వచ్చే ఎండ కళ్లలో పడి, పాస్ అందుకోవాల్సిన సీడీ ల్యామ్‌కు టచ్‌డౌన్ పాస్ కనిపించలేదు. తెరలు వేయనన్నారు మీరు. కొత్త క్వార్టర్‌బ్యాక్‌కు ప్రతి పాసూ బంగారమే కాబట్టి, దయచేసి మళ్లీ ఆలోచించండి.

మా అబ్బాయికి పదకొండేళ్లు. ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ఢీకొట్టి పడేయకుండా నడుముకున్న జెండా లాగే ఆట) ఆడతాడు. అతని టీములో ఆరుగురు తెలుగు పిల్లలు ఉన్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆ ఆట ఉందని తెలిసిన రోజు నుంచి వాళ్ల మాటే మారిపోయింది. వాడు ఆ టీములో రెండో క్వార్టర్‌బ్యాక్. మొన్నటిదాకా వాడి టెన్షన్ అంతా ఎప్పుడు మొదటివాణ్నవుతానా అని. నిన్న కారులో 121 రోడ్డు ఎక్కేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అమ్మా, లాన్స్‌కు వారమంతా ప్రాక్టీస్ ఇవ్వకుండా చివర్లో ఎందుకు పంపించారు? అలా పంపితే ఎవరైనా పోగొట్టేస్తారు కదా?" వెనక సీట్లోంచి వాళ్ల తాత అవునన్నారు. నా దగ్గర జవాబు లేదు. అది మీ దగ్గర ఉండాలి.

హ్యూస్టన్ మ్యాచ్ 18న, సోమవారం రాత్రి. ఆ లోపు స్టార్టర్ ఎవరో, డాక్‌కు సర్జరీ ఉందో లేదో చెప్పండి. వచ్చే మార్చికి, ఏప్రిల్‌కు క్వార్టర్‌బ్యాక్‌ల విషయంలో మీ ఆలోచన ఏమిటో థ్యాంక్స్‌గివింగ్ లోపు చెప్పండి. 28న మా ఇంట్లో పద్నాలుగు మంది కూర్చుని మ్యాచ్ చూస్తాం. బిర్యానీ పొయ్యి మీద పెట్టి, టీవీ ముందు కూర్చునే ఆ ఇంటికి మీ జవాబు కావాలి.

గౌరవంతో,
ఫ్రిస్కో నుంచి ఒక తల్లి, ఒక అభిమాని